పాలెస్ట్రీనా ఊరికి వెళ్లొచ్చాం

ఇంటికొచ్చి వారమైంది. తీసుకెళ్లిన ఆవకాయ సీసా రోమ్‌లోనే ఖాళీ అయింది. దాని బదులు పెట్టెలో లిల్లీ పువ్వు ఆకారంలో ఉన్న బిస్కెట్లు, ఒక జెరాక్స్ కాగితాల కట్ట వచ్చాయి. జ్ఞాపకం పచ్చిగా ఉండగానే రాసి పెట్టుకుంటున్నాను.

విజయవాడలో మా చర్చి క్వాయర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆల్టో, అంటే ఆడ గొంతుల్లో కింది స్థాయి, పాడుతున్నాను. మాకు నాలుగు గొంతుల పాట నేర్పిన మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన నేర్పిన మొదటి లాటిన్ పాట 'సీకుత్ చెర్వుస్'. దుప్పి నీటివాగుల కోసం ఆశపడే కీర్తన అది, మన బైబిల్లో 42వది. దానికి ఈ నాలుగు గొంతుల సంగీతం కట్టింది ఇటలీ స్వరకర్త జొవాన్ని పియెర్లుయిజి. పుట్టిన ఊరి పేరే ఆయన పేరైపోయింది, అందరూ పాలెస్ట్రీనా అనే అంటారు. ఆయన చనిపోయింది 1594 ఫిబ్రవరి 2న. ఒక్కసారైనా ఆ తారీఖుకి రోమ్‌లో ఉండాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. మా పిన్ని కొడుకు ఫాదర్ అయి ప్రస్తుతం రోమ్‌లో చదువుకుంటున్నాడు కాబట్టి ఈ ఏడు కుదిరింది. మాకు తమ్ముడే అయినా అభిషేకం అయ్యాక ఇంట్లో ఎవరం పేరు పెట్టి పిలవడం లేదు, ఫాదర్ అనే అంటాం. తను మాత్రం నన్ను అక్కా అనీ, మావారిని బావగారూ అనీ పాత పిలుపులే పిలుస్తాడు.

జనవరి 29, గురువారం: శాంతా మరియా మజ్జోరే

మొదటి రోజే చిన్న పాఠం. పొద్దున్నే స్టేషన్ దగ్గర కాఫీ తాగుదామని దర్జాగా కుర్చీలో కూర్చున్నాం. రెండు కాఫీలకు ఏడు యూరోలు వేశారు. "అక్కా, ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు" అన్నాడు ఫాదర్ నవ్వుతూ. మర్నాటి నుంచి ఊళ్లో వాళ్లలాగే నిలబడి, యూరో ఇరవై సెంట్లకి రెండు గుక్కల్లో తాగేసి బయటపడేవాళ్లం. షాపులో అడుగు పెట్టగానే ముందు 'బొన్‌జొర్నో' అనాలి. అది అనకుండా ఏదడిగినా మొహం చిట్లిస్తారు, అంటే మాత్రం ఎంత ఓపికగానైనా చెబుతారు.

మజ్జోరే బజిలికా (పెద్ద చర్చి) బయట సెక్యూరిటీ క్యూ ముప్పావు గంట పట్టింది. లోపలికి వెళ్లేవాళ్లలో సగంమంది పోప్ ఫ్రాన్సిస్ సమాధి దగ్గరికే. తెల్లటి రాతి మీద ఫ్రాన్సిస్కుస్ అన్న ఒక్క మాట, అంతే. మేమూ నిలబడి దండం పెట్టుకున్నాం. ఆ తర్వాత నేను వచ్చిన పని కోసం పక్కకి తప్పుకుని, నడవ మధ్యలో పై కప్పు చూస్తూ కూర్చున్నాను. 1537 నాటి ఒక కాగితంలో ఇక్కడి పిల్ల పాటగాళ్ల పేర్లున్నాయి. అందులో పాలెస్ట్రీనా నుంచి వచ్చిన జొవాన్ని ఒకడు. అప్పటికి పన్నెండేళ్లు ఉంటాయేమో. గోడల మీద అయిదో శతాబ్దపు మొజాయిక్ బొమ్మలు చాలా ఎత్తులో ఉన్నాయి, నా కంటికి సరిగా ఆనలేదు. ఆ పిల్లవాడికి మాత్రం రోజూ కనిపించేవే. పాట మధ్యలో విరామం లెక్కపెట్టుకుంటూ పైకి చూసే ఉంటాడు. మా క్వాయర్‌లో పిల్లలు ఫ్యాన్ల వంక చూస్తారు.

సాయంత్రం ఫాదర్ ఉండే హాస్టల్ వంటగదిలో చారు పెట్టాను. ఇద్దరు కేరళ ఫాదర్లు, ఒక నైజీరియా ఫాదర్ వచ్చి కూర్చున్నారు. ఆవకాయ సీసా ఆ పూటే సగమైంది.

జనవరి 30, శుక్రవారం: పాలెస్ట్రీనా

ఊరు రోమ్‌కి తూర్పున ముప్పై అయిదు కిలోమీటర్లు. రైలు ఊరి దాకా వెళ్లదు, జగరోలో స్టేషన్లో దిగి బస్సు మారాలి. ఫాదర్‌కి క్లాసు ఉండటంతో మేమిద్దరమే బయల్దేరాం. స్టేషన్ బయట నిలబడ్డ నీలం బస్సు ఎక్కేశాం. అది పాలెస్ట్రీనా బస్సు కాదు, జగరోలో ఊళ్లోకి వెళ్లే బస్సు. స్టేషన్ ఒకచోట, ఊరు ఇంకోచోట అని మాకేం తెలుసు? పక్క సీట్లో పెద్దావిడ కూరగాయల సంచీతో కూర్చుని ఉంది. మావారి ఫోన్లో మ్యాప్ చూసి తల అడ్డంగా ఊపి, తన స్టాపు దాటిపోయినా మాతో పాటే దిగి, రోడ్డుకి అవతలి వైపు నిలబెట్టి, సరైన బస్సు వచ్చేదాకా ఉండి ఎక్కించింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. పాలెస్ట్రీనా పాట కోసం వచ్చామని చెప్పడానికి ఆ నాలుగు స్వరాలు కూనిరాగం తీశాను. "ఆ, ఇల్ మాయెస్త్రో!" అని నా చెయ్యి పట్టుకుంది. మాయెస్త్రో అంటే మాస్టారు. ఆ ఒక్క మాటకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఈ తిరుగుడులో గంటన్నర పోయింది. ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. ఆయన పేరుతో ఉన్న సన్న సందులో ఆయన ఇల్లుంది, ఇప్పుడు మ్యూజియం, సంగీత గ్రంథాలయం. మేం ఆలస్యంగా వెళ్లాం, తలుపు వేసేసి ఉంది. రెండు గజాల వెడల్పు సందు. అరుగు మీద కుండీలు, ఎదురింటి కిటికీలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన. తలుపు చెక్క మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. మావారు ఫోటో తీశారు. లోపల చూడలేదన్న బెంగ ఇప్పటికీ పోలేదు.

చౌకులో ఆయన విగ్రహం, ఎదురుగా సెయింట్ అగాపితుస్ పేరున్న కథీడ్రల్. 1544లో ఆర్గన్ వాయించడానికి ఇక్కడ ఉద్యోగంలో చేరాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. పండుగ రోజుల్లో ఆర్గన్ వాయించాలి, రోజూ ప్రార్థనల్లో పాడాలి, పిల్లలకీ ఫాదర్లకీ సంగీతం చెప్పాలి. ఒప్పందం అది. మూడేళ్లకి ఈ ఊరి అమ్మాయి లుక్రేత్సియా గోరిని పెళ్లి చేసుకున్నాడు. ఇక్కడ బిషప్పుగా ఉన్న కార్డినల్ 1550లో మూడో జూలియస్ అన్న పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడు ఈ కుర్రాణ్ణి రోమ్‌కి పిలిపించి సెయింట్ పీటర్స్‌లో పాటబృందానికి పెద్దను చేశాడు. చిన్న ఊరి చర్చిలో శ్రద్ధగా పనిచేసిన మనిషి ఎక్కడో ఒకరి కంట పడ్డాడు. ఇలా జరిగిన కథలు నాకెప్పుడూ ఇష్టం.

ఊరంతా కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. నిజానికి అవి ఇళ్ల కోసం కట్టిన మెట్లు కావు. రోమన్ల కాలంలో ఇది ప్రేనెస్తే, ఫోర్తూనా దేవత గుడికి పెద్ద పేరు. ఆ గుడి అరుగుల మీదే ఊరు పెరిగింది. 1944లో బాంబులు పడి ఇళ్లు కూలాక కింద ఉన్న పాత కట్టడం మళ్లీ బయటపడింది. పైన బర్బెరీని మహలులో మ్యూజియం ఉంది. అక్కడి నైలు నది మొజాయిక్ ఒక పెద్ద గదికి సరిపోయేంత ఉంటుంది: వరద నీళ్లు, మొసళ్లు, నీటి ఏనుగులు, పడవలు, పైన కొండల్లో వేటగాళ్లు. కథీడ్రల్ పక్కన ఉన్న పాత హాలు నేలలో ఉండేదట. 1620లలో ముక్కలు ముక్కలుగా తీసి రోమ్‌కి పట్టుకెళ్లారు. అంటే ఆ కుర్రాడు ఆర్గన్ వాయించే రోజుల్లో ఆ మొసళ్లు, పడవలు పక్క హాలు నేలలోనే ఉన్నాయి. మావారు పాటలు పట్టించుకునే మనిషి కాదు, ఈ మొజాయిక్ ముందు మాత్రం అరగంట కదల్లేదు.

భోజనం చౌకు పక్క సందులో. చిక్కుడు గింజలు, పాస్తా కలిపి కాచిన సూప్ లాంటి వంటకం. పైన ఆలివ్ నూనె, మిరియాల పొడి. వేడివేడిగా, చలికి ప్రాణం లేచొచ్చింది. బిల్లులో మనిషికి రెండు యూరోలు 'కొపెర్తో' అని ఉంటే మావారు అడిగారు. బల్ల మీద పెట్టే రొట్టెకీ గుడ్డకీ తీసుకునే డబ్బు, తిన్నా తినకపోయినా అంతే. ఇద్దరికీ కలిపి ఇరవై ఏడు యూరోలు. బేకరీలో 'జిల్యెత్తి' కొన్నాం, ఈ ఊరి బిస్కెట్టు. గుడ్లు, పంచదార, పిండి, అంతే. కోసి మడిచి లిల్లీ పువ్వులా చేస్తారు. పావు కిలో అయిదు యూరోలు. బేకరీ ఆవిడ పొట్లం కట్టి, దారిలో తినమని రెండు విడిగా చేతిలో పెట్టింది.

జనవరి 31, శనివారం: సిస్టీన్ చాపెల్, రాత్రి ప్రాక్టీసు

వాటికన్ మ్యూజియం టికెట్లు ఇద్దరికీ నలభై యూరోలు. మైళ్ల కొద్దీ నడిచాక సిస్టీన్ చాపెల్, పోప్ సొంత ప్రార్థనాలయం. అందరి తలలూ పైకే. కాపలావాళ్లు రెండు నిమిషాలకోసారి 'సిలెంత్సియో' (నిశ్శబ్దం) అని మైకులో గద్దిస్తున్నారు. నేను కుడి గోడ వంక చూస్తూ నిలబడ్డాను. అక్కడ గోడలోకి తొలిచినట్టు చిన్న బాల్కనీ ఉంది. పాటగాళ్లు నిలబడే చోటు. లోపలి గోడ మీద ఎందరో పాటగాళ్లు తమ పేర్లు గీసి పెట్టుకున్నారు, జోస్కాన్ అనే పాత స్వరకర్త పేరు కూడా ఉంది. మనల్ని ఎక్కనివ్వరు.

1555 జనవరిలో పాలెస్ట్రీనా ఇక్కడ పోప్ సొంత పాటబృందంలో చేరాడు. పోప్ జూలియస్ నేరుగా ఆజ్ఞ ఇచ్చి చేర్చుకున్నాడు. పరీక్ష లేదు, మిగతా పాటగాళ్ల సమ్మతీ లేదు. వాళ్ల డైరీలో ఆ మాట రాసుకున్నారు. మార్చిలో జూలియస్ పోయాడు. తర్వాత వచ్చిన రెండో మార్సెల్లుస్ మూడు వారాలే బతికాడు. ఆ తర్వాత నాలుగో పౌల్ వచ్చి, పెళ్లయినవాళ్లు పోప్ సొంత బృందంలో ఉండకూడదన్నాడు. సెప్టెంబర్‌లో ముగ్గుర్ని తీసేశారు, అందులో ఈయన ఒకడు. చిన్న పింఛను ఇచ్చారు. ఇంటికెళ్లి జబ్బున పడ్డాడు. తొమ్మిది నెలలైనా నిండకుండానే, భార్యా పిల్లలున్నారన్న కారణానికి ఉద్యోగం పోయింది. ఆ బాల్కనీ వంక చూస్తుంటే నాకు సంగీతం కన్నా ముందు లుక్రేత్సియా గుర్తొచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడకి ఏమని చెప్పి ఉంటాడు?

రాత్రి ఎనిమిదికి ఫాదర్ మమ్మల్ని ఒక చిన్న చర్చికి తీసుకెళ్లాడు, అక్కడ పదిమంది పాటగాళ్ల ప్రాక్టీసు. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. నడిపించే ఆవిడ కోటు విప్పకుండానే ట్యూనింగ్ ఫోర్క్ మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఆర్గన్ లేదు, శృతిపెట్టె లేదు. ఆ ఒక్క స్వరం పట్టుకుని నాలుగు గొంతులూ వాటి వాటి చోటు చూసుకోవాలి. నేను ఆల్టో అని ఫాదర్ చెప్పగానే చేతిలో ఒక కాగితం పెట్టేసింది.

ఆ కాగితం గురించి చెప్పాలి. అది పాత అచ్చు పుస్తకానికి జెరాక్స్. అందులో ఆల్టో ఒక్కటే ఉంది. మన క్వాయర్ పుస్తకాల్లో నాలుగు గొంతులూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా, పక్కవాళ్లు ఎక్కడున్నారో కన్ను చూస్తుంది. ఇందులో నా గొంతు తప్ప ఇంకేం లేదు. నిలువు గీతలూ లేవు, కాబట్టి ఎక్కడ తాళం మొదలైందో కాగితం చెప్పదు. స్వరాలు వజ్రం ఆకారంలో, నాలుగు మూలలతో. ప్రతి వరుస చివర చిన్న కొక్కెంలాంటి గుర్తు. అదేంటని వేలు పెట్టి అడిగితే, పక్కన ఉన్న ఆల్టో అమ్మాయి కింది వరుసలో మొదటి స్వరం చూపించింది. తర్వాతి వరుస ఏ స్వరంతో మొదలవుతుందో ముందే చెప్పే గుర్తు. కన్ను కిందికి దిగేలోపు గొంతు సిద్ధంగా ఉండాలని, నాలుగు వందల ఏళ్ల కిందటి అచ్చువాళ్లు అంత ఆలోచించి పెట్టారు.

'సీకుత్ చెర్వుస్' టెనర్లతో, అంటే మగ గొంతుల్లో పై స్థాయివాళ్లతో, మొదలవుతుంది. తర్వాత మేం, తర్వాత అన్నిటికన్నా పైనుండే సొప్రానో, ఆఖరున అన్నిటికన్నా కిందుండే బేస్. ఇరవై రెండేళ్లుగా పాడిన పాటే, అయినా మొదటిసారి తప్పాను. కళ్లతో పాడటం అలవాటైపోయింది కదా. రెండోసారి కాగితం కాస్త దించి టెనర్ల వైపు చెవి పెట్టాను. అప్పుడు తెలిసింది. వాళ్లు పైకి ఎక్కి దిగే చోట నా గొంతుకి దారి వదులుతున్నారు, నేను దిగేటప్పుడు సొప్రానోకి వదులుతున్నాను. ఎవరూ ఎవరికీ పక్కవాద్యం కాదు. ఒకరు ఊపిరి తీసుకునే చోట ఇంకొకరు ఆ మాట పట్టుకుని ఉంటారు. మాస్టారు ఎప్పుడూ "పక్కవాళ్లని వినండమ్మా" అనేవారు, మేం గట్టిగా పాడకండి అంటున్నారనుకునేవాళ్లం. ఆ రోజుల్లో చర్చి బృందాల్లో ఆడవాళ్లకి చోటు లేదు, ఈ ఆల్టో పాడింది మగవాళ్లూ పిల్లలే. శనివారం రాత్రి దాన్ని నేను పాడాను, చాలా సంతోషంగా పాడాను.

బయటికొచ్చేసరికి వాన. మూల మీద కాల్చిన చెస్ట్‌నట్లు అమ్ముతున్నారు. పొట్లం అయిదు యూరోలు, వేళ్లు కాలుతుండగా నడుస్తూ తిన్నాం.

ఫిబ్రవరి 1, ఆదివారం: లాటరన్

సెయింట్ జాన్ లాటరన్ చర్చిలో పూజ (మాస్) విన్నాం. సిస్టీన్‌లో ఉద్యోగం పోయిన నెలకే పాలెస్ట్రీనా ఇక్కడ పాటబృందానికి పెద్దగా చేరాడు, కొంతకాలం ముందు లాస్సో అనే ఇంకో స్వరకర్త చేసిన పదవిలో. అయిదేళ్లు కూడా నిండలేదు. పాట పిల్లల తిండి ఖర్చుకి డబ్బు చాలడం లేదన్న గొడవలో 1560 వేసవిలో కొడుకు రొదోల్ఫోని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత మళ్లీ మజ్జోరే, తర్వాత సెమినరీలో పాఠాలు, వేసవిలో తివోలిలో ఒక కార్డినల్ కొలువు. 1571లో మళ్లీ సెయింట్ పీటర్స్. అంతకుముందు వియన్నా నుంచి చక్రవర్తి పిలిస్తే జీతం దగ్గర కుదరలేదు.

జీతం అడిగాడంటే కొందరికి నచ్చదు, భక్తి సంగీతం రాసేవాడికి డబ్బు లెక్కలేంటని. పిల్లలకి అన్నం పెట్టాల్సిన మనిషి అడక్క ఏం చేస్తాడు? నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఇక్కడే పెరిగింది. వందకి పైగా పూజా సంగీతాలు, వందల కొద్దీ చిన్న పాటలు రాశాడు, అన్నీ ఈ ఉద్యోగాల మధ్య, వచ్చే ఆదివారానికి, వచ్చే పండక్కి.

పక్కనే అష్టకోణంలో బాప్తిస్మ మందిరం ఉంది. మధ్యలో ఎర్రటి రాతి స్తంభాలు ఎనిమిది. కాన్‌స్టాంటైన్ ఇక్కడికి ఏడు వెండి దుప్పులు ఇచ్చాడనీ, వాటి నోట్లోంచి తొట్టిలోకి నీళ్లు పడేవనీ పోపుల పాత చరిత్రలో ఉందని ఫాదర్ చెప్పాడు. ఇప్పుడు అవి లేవు. "ఈస్టర్ ముందు శనివారం రాత్రి బాప్తిస్మ తొట్టి దగ్గరికి ఊరేగింపుగా వెళ్తూ పాడే కీర్తనే అక్కా మీ పాట" అన్నాడు. ఇన్నాళ్లూ దాన్ని మామూలు ఆదివారాల్లో పాడేస్తున్నాం. ఆ నీళ్ల తొట్టి అంచున నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, ఆల్టో మొదటి వరుస మెల్లగా పాడాను. రాతి గుమ్మటం దాన్ని కాసేపు ఉంచుకుంది.

మధ్యాహ్నం బల్ల దగ్గర ఒక మాట మీద నాకూ ఫాదర్‌కీ వాదన వచ్చింది. ట్రెంట్ ఊళ్లో జరిగిన కాథలిక్ మహాసభలో పెద్దలు, మాటలు అర్థం కావడం లేదని నాలుగు గొంతుల పాటనే చర్చిలోంచి తీసేయబోతే, పాలెస్ట్రీనా పోప్ మార్సెల్లుస్ పేరుతో పూజా సంగీతం రాసి వినిపించి కాపాడాడని మాస్టారు చెప్పేవారు. చిన్నప్పటి నుంచీ నాకది ప్రాణం. అలా జరిగిందనడానికి ఆధారం లేదన్నాడు ఫాదర్. 1565 ఏప్రిల్‌లో ఒక కార్డినల్ ఇంట్లో పోప్ పాటగాళ్ల చేత కొన్ని పూజా సంగీతాలు పాడించి, మాటలు వినపడుతున్నాయో లేదో చూసిన మాట నిజం. ఏవి పాడారో మాత్రం రాసి లేదు. ఆ రాత్రి ఫోన్లో ఆ పూజా సంగీతం విన్నాను, ఆరు గొంతులు. 'గ్లోరియా'లో అందరూ ఒకేసారి ఒకే అక్షరం పలుకుతుంటే ఒక్క మాటా జారిపోలేదు. కథ పోయినా నాకు అదే చాలు అనిపించింది.

ఫిబ్రవరి 2, సోమవారం: సెయింట్ పీటర్స్

కొవ్వొత్తుల పండుగ రోజు. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరి, తలుపులు తీసే వేళకి చేరాం. క్యూ లేదు. లోపల అక్కడక్కడా చిన్న బలిపీఠాల దగ్గర పూజలు, రకరకాల భాషల్లో.

1572 నుంచి ఎనిమిదేళ్లలో అంటురోగాలు ఆయన ఇంట్లో ఇద్దరు కొడుకుల్ని, తమ్ముణ్ణి, ఆఖరికి లుక్రేత్సియాని తీసుకుపోయాయి. ఇక ఫాదర్‌గా చేరదామనుకున్నాడు. అంతలో మనసు మార్చుకుని 1581లో వర్జీనియా దోర్మోలి అనే వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడది బొచ్చుతోళ్ల వ్యాపారం. అది చూసుకుంటూ, పాటబృందం నడుపుతూ, ఇన్నాళ్లూ డబ్బు లేక ఆగిన పుస్తకాలన్నీ అచ్చు వేయించాడు. చివరిదాకా ఈ చర్చి ఉద్యోగంలోనే ఉన్నాడు, చర్చి మాత్రం ఇంకా కడుతూనే ఉన్నారు. మైకెలాంజెలో గుమ్మటం పూర్తయింది 1590లో. ఒక వైపు రాళ్లు చెక్కుతున్న చప్పుడు, ఇంకో వైపు పాట.

ఆయన్ని ఈ చర్చిలోనే పాతిపెట్టారు. పెట్టె మీద సీసపు రేకు, దాని మీద 'మూసికే ప్రిన్‌చెప్స్' అని, సంగీతానికి రాజు అని. తర్వాత కట్టడాల్లో ఆ చోటు కింద పడిపోయింది. సమాధి ఎక్కడుందో ఇవాళ చూపించడానికి లేదు. నాకు ముందే తెలుసు. అయినా పూలు కొనుక్కెళ్లాను, చిన్న తెల్ల గులాబీలు, నాలుగు యూరోలు. ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. ఒక పక్క పీఠం దగ్గర ఫిలిప్పీన్స్ సిస్టర్లు అయిదారుగురు పూజ ముగించి, గిటారు లేకుండా, రెండు గొంతుల్లో ఏదో పాట పాడుతున్నారు. అయిపోయేదాకా వెనక నిలబడి విన్నాను. పూలు వాళ్లలో పెద్దావిడ చేతికిచ్చాను. ఎందుకని అడగలేదు, తీసుకుని నా నుదుటి మీద సిలువ గుర్తు వేసింది.

రైల్వే స్టేషన్‌కి వెళ్లేముందు ఫాదర్ ఒక కవరు తెచ్చాడు. శనివారం ప్రాక్టీసు నడిపించిన ఆవిడ పంపిందట. 'సీకుత్ చెర్వుస్' నాలుగు గొంతులూ, విడివిడి కాగితాలు. నిన్న బీసెంట్ రోడ్డులో ఒక్కోటి ఆరేసి కాపీలు తీయించాను. గురువారం ప్రాక్టీసు ఏడింటికి. ఎవరి కాగితం వాళ్లకే ఇస్తాను.